అవతల మాత్రమే మోగిన ఫోను

కెస్లర్ క్రీక్‌లో ఫోను మోగకపోతే జనం ఆర్లిస్ వోపట్‌ను తిట్టుకునేవారు. మోగినంతకాలం ఆమె ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండేది కాదు. ఆమెకు అదే బాగుండేది.

పంతొమ్మిదేళ్లప్పుడు బిల్లులు రాయడానికి ఆ చిన్న సహకార టెలిఫోను సంఘంలో చేరింది. రెండో ఏడాది మంచు తుఫానులో లైన్‌మన్ కాలు విరగ్గొట్టుకుంటే, వేరే దిక్కు లేక ఆమే స్తంభం ఎక్కింది. ఎక్కినదాన్ని దిగమన్నవాళ్లు లేరు. ఒక పెళ్లి చేసుకుంది, నాలుగేళ్లకు వదులుకుంది. నెబ్రాస్కా ఇసుక దిబ్బల మధ్య ఎనిమిది వందల చిల్లర ఇళ్లకు ముప్పై తొమ్మిదేళ్లపాటు తీగలు లాగింది, అతుకులు వేసింది, ఎలుకలు కొరికిన పెట్టెలు మార్చింది. కిటికీలు లేని ఆ ఇటుక గదిలో ఎక్స్ఛేంజి యంత్రం మూడుసార్లు మారింది. మారిన ప్రతిసారీ పుస్తకం ముందేసుకుని కొత్తదాన్ని నేర్చుకుంది. మేనేజరు లైల్ ఆమెకన్నా పదిహేనేళ్లు చిన్న. అతను సంఘంలోకి వచ్చినప్పుడు స్క్రూడ్రైవరు పట్టడం నేర్పింది ఆమే.

ఆమెకు నా అన్నవాళ్లు ఇద్దరే. రెండేళ్లు చిన్నదైన చెల్లెలు నెల్డా, ఆమె భర్త వర్జిల్. ఊరికి పద్నాలుగు మైళ్ల దూరంలో, దిబ్బల మధ్య పల్లంలో వాళ్ల పశువుల క్షేత్రం. నెల్డాకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. సోమ, బుధ, శుక్రవారాలు వర్జిల్ ఆమెను ట్రక్కులో నార్త్ ప్లాట్ తీసుకెళ్లి డయాలసిస్ చేయించేవాడు. వెళ్లడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. మిగిలిన రోజుల్లో ఆమె నాలుక మీద మంచు ముక్క పెట్టుకుని, దాహాన్ని గుక్కల్లో లెక్కేసుకుంటూ బతికేది. తన కిడ్నీ ఇస్తానని ఆర్లిస్ వెళ్లి పరీక్షలు చేయించుకుంది. షుగరు ఉంది కాబట్టి పనికిరాదన్నారు. ఇక డెన్వర్‌లోని ఆసుపత్రి జాబితాలో పేరు రాయించి, పిలుపు కోసం ఎదురుచూడడమే మిగిలింది.

పిలుపంటే ఫోనే. సరిపోయే కిడ్నీ దొరికితే ఆసుపత్రి వాళ్లు ఫోను చేస్తారు. గంటలోగా ఎవరూ పలకకపోతే జాబితాలో తర్వాతి పేరుకు వెళ్లిపోతారు. కిడ్నీ ఆగదు కదా. నెల్డా మూడు నంబర్లు ఇచ్చింది. మొదటిది ఇంటిది. రెండోది ఎక్స్ఛేంజిలో ఆర్లిస్ బల్ల మీదిది. మూడోది వర్జిల్ సెల్‌ఫోను. ఆ పల్లంలో సెల్ పనిచేయదు, ఉత్తరపు దిబ్బ ఎక్కితే ఒక గీత కనిపిస్తుంది, అంతే. అందుకే మొదటి రెండు నంబర్ల మీదే ఆ ఇంటి ఆశంతా ఉండేది.

అది 2011. అంతకు ముందు ఏడాది నుంచీ ఊళ్లో ఒక రకం ఫిర్యాదులు వస్తున్నాయి. డల్లాస్ నుంచి మా అమ్మాయి ఫోను చేస్తే ఎత్తలేదట, నేను ఇంట్లోనే ఉన్నాను, మోగనేలేదు అని ఒకరు. ఎరువుల కంపెనీవాడు నాలుగుసార్లు చేశాడట, ఒక్కటీ రాలేదు అని ఇంకొకరు. ఆర్లిస్ ప్రతిదానికీ వెళ్లేది. లైను కొలిచేది, ఫోను విప్పి చూసేది, తన నంబరు నుంచి కొట్టి మోగించేది. అన్నీ బాగుండేవి. ఫిర్యాదు కాగితం మీద సమస్య కనబడలేదు అని రాసి సంతకం పెట్టేది. మీవాళ్లు తప్పు నంబరు కొట్టి ఉంటారు అని చెప్పి వచ్చేది. నలభై ఏళ్ల అనుభవం చెప్పిన మాట కాబట్టి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

ఏప్రిల్‌లో నెల్డా కూడా అడిగింది. డెన్వర్ నుంచి ఒక నర్సు ఏదో పరీక్ష తేదీ చెప్పడానికి చేస్తే అందలేదట, లైనులో ఏమైనా ఉందా అని. ఆర్లిస్ ఆ సాయంత్రమే వెళ్లి స్తంభం నుంచి గోడ దాకా అంతా చూసింది. చిలుము పట్టిన ఒక అతుకును ముందుజాగ్రత్తగా మార్చింది కూడా. నీ లైను ఈ జిల్లాలోకెల్లా మంచి లైను, నిశ్చింతగా ఉండు అంది.

జూలైలో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఎక్స్ఛేంజిలో బ్యాటరీలు తుడుస్తుండగా వర్జిల్ ట్రక్కు వచ్చి ఆగింది. డయాలసిస్ నుంచి తిన్నగా ఇంటికెళ్లి పడుకోవలసిన మనిషి, నెల్డా, తలుపు పట్టుకుని లోపలికొచ్చింది. చేతి కట్టు మీద రక్తపు మరక ఇంకా తడిగానే ఉంది. వర్జిల్ వెనక నిలబడి టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు. ఆ ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడేది అతనే. ఆ రోజు ఒక్క వేళాకోళమూ లేదు.

"మంగళవారం మధ్యాహ్నం ఎక్కడున్నావు ఆర్లీ?" అంది నెల్డా.

ఇక్కడే ఉన్నానని ఆర్లిస్ చెప్పింది. మూడు నుంచి ఐదు దాకా ఈ బల్ల దగ్గరే కూర్చుని నెలవారీ లెక్కలు రాశానంది.

"మూడు గంటల పదినిమిషాలకు కిడ్నీ దొరికిందట. మా ఇంటికి మూడుసార్లు చేశారట, నీకు రెండుసార్లు, వర్జిల్ సెల్లు ఎలాగూ కలవలేదట. రింగవుతూనే ఉందట, ఎవరూ ఎత్తలేదట. ఇప్పుడు డయాలసిస్ నర్సు అడిగింది, ఎందుకు ఎత్తలేదమ్మా అని. నేను ఫోను పక్కనే కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాను."

ఆర్లిస్ యంత్రం ముందు కూర్చుని మంగళవారం రికార్డు తీసింది. బయటినుంచి ఈ ఎక్స్ఛేంజి గడప దాకా వచ్చిన ప్రతి ఫోను కాల్, ఎత్తినా ఎత్తకపోయినా, అందులో పడుతుంది. మూడు నుంచి నాలుగున్నర దాకా వరస చూసింది. మళ్లీ మొదటినుంచి చూసింది. నెల్డా నంబరుకు గానీ, తన నంబరుకు గానీ డెన్వర్ నుంచి ఒక్క కాల్ కూడా లేదు.

"రాలేదు. ఇక్కడిదాకా రానేలేదు" అంది.

"వాళ్లకు రింగు వినబడిందే" అన్నాడు వర్జిల్.

నెల్డా కుర్చీలో కూర్చోబోయి మానుకుంది. కూర్చుంటే మళ్లీ లేవలేనని తర్వాత చెప్పింది. ఆ కిడ్నీ ఎవరికో ప్యూబ్లోలో ఒకాయనకు పెట్టారట.

మర్నాటి నుంచి ఆర్లిస్ వేరే మనిషైంది. తిండి మీద ధ్యాస పోయింది, పొద్దున్నే వేసుకోవలసిన షుగరు మాత్ర సాయంత్రం గుర్తొచ్చేది. డెన్వర్ ఆసుపత్రికి ఫోను చేసి, అక్కడ ఫోన్ల పని చూసే మనిషి కావాలంది. ఊళ్లోంచి వెళ్లే కాల్స్ బాగానే వెళ్తున్నాయి, వచ్చేవే రావడం లేదు. ఆరుగురి చేతులు మారాక టెరెన్స్ మాబ్రీ అనే ఆయన దొరికాడు. మర్యాదగానే విన్నాడు గానీ నమ్మలేదు. తమ ఫోన్లు నడిపే కంపెనీకి ఫిర్యాదు చేశాననీ, తప్పు మీ వైపే ఉందని వాళ్లు రాసి పంపారనీ చెప్పాడు. చిన్న ఊరి పాత ఎక్స్ఛేంజి కదా అని కూడా అన్నాడు.

ఆమె కోపం తెచ్చుకోలేదు. అటువంటి మాటే తను ఏడాదిగా ఊరందరికీ చెబుతోంది.

"అయ్యా, మీరు నలభైసార్లు నా నంబరు కొట్టండి. ఏ నిమిషంలో కొట్టారో, ఏం వినబడిందో రాసుకోండి. నేనిక్కడ కూర్చుని నాకు వచ్చినవి రాసుకుంటాను. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెడదాం. తప్పు నాదని తేలితే ఇంకెప్పుడూ మీకు ఫోను చేయను."

టెరెన్స్ కాసేపు ఆలోచించి సరేనన్నాడు. గురువారం పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టి పన్నెండింటికి ముగించారు. నలభైలో ఆమెకు వచ్చినవి ఇరవై ఆరు. అందులో రెండింటిలో అతని గొంతు లేదు, బావిలో గాలిలాంటి హోరు మాత్రమే ఉంది. మిగతా పద్నాలుగూ రానేలేదు. ఆ పద్నాలుగింటికీ టెరెన్స్ కాగితం మీద ఒకే మాట ఉంది: రింగైంది, ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. మూడేళ్ల కిందట ఆసుపత్రి ఫోన్లన్నిటినీ ఇంటర్నెట్ మీదికి మార్చేశారని అతను చెప్పాడు. మాట్లాడిన మాట చిన్నచిన్న ముక్కలై ఇంటర్నెట్‌లో పోతుంది. కెస్లర్ క్రీక్‌లాంటి ఊళ్లో పాత తీగ మీది ఫోను మోగాలంటే, దారిలో ఎక్కడో ఒక గేట్‌వే దగ్గర ఆ ముక్కలు మళ్లీ మామూలు కాల్‌గా మారి, పాత టెలిఫోను లైన్లలోకి దిగాలి. ఆ దిగడం ఎక్కడ, ఎవరి చేతిలో అన్నది ఆసుపత్రికి తెలియదు. వాళ్ల కంపెనీ ఆ పనిని ఇంకో కంపెనీకి అప్పగించింది. అది మరొకదానికి.

మరి ఆ రింగు ఎవరిది అని ఆమె అడిగింది. టెరెన్స్ తెలుసుకుని చెబుతానన్నాడు, మూడు రోజుల తర్వాత చెప్పాడు. దారి వెతకడానికి సమయం పడుతుంది కాబట్టి, ఫోను చేసినవాళ్లు విసుగెత్తి పెట్టేయకుండా మధ్యలోని ఒక కంపెనీ యంత్రం తనే రింగు శబ్దం వినిపిస్తోందట. అవతల ఏ ఫోనూ మోగకుండానే.

ఆర్లిస్ రిసీవరు పెట్టేసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. నలభై ఏళ్లలో ఆమె ఎన్నో చెడిన లైన్లు చూసింది. గాలికి తెగినవి, పిడుగు పడినవి, తాగినవాడు ట్రాక్టరుతో గుద్దినవి. చెడిన లైను ఎప్పుడూ చెడినట్టే వినబడేది. బాగున్నట్టు అబద్ధమాడిన లైను ఆమెకు ఇదే మొదటిది.

ఆ వారమే పాత ఫిర్యాదు కాగితాలన్నీ బయటికి తీసింది. తను సమస్య కనబడలేదు అని సంతకం పెట్టినవి అరవై మూడు. అంతా అయ్యాక ఒక ఉత్తరం పంపుదామని లైల్ అన్నాడు. ఉత్తరాలు కుదరవని ఆమె తనే ఇంటింటికీ బయల్దేరింది. తలుపు కొట్టి, మీరు చెప్పింది నిజం, నేను చెప్పింది తప్పు అని చెప్పేది. చాలామంది పోనిద్దూ అన్నారు. కాఫీ పోసి, పండ్ల గుజ్జు పెట్టిన కొలాచీ రొట్టెల ప్లేటు ముందుకు తోసి, నెల్డా ఎలా ఉందని అడిగారు. ఎమెట్ రుజిచ్కా అనే ముసలాయన మాత్రం అలా అనలేదు. స్పోకేన్‌లో ఉన్న అతని అన్న ఫిబ్రవరి చలిలో పోయాడు. పోయేముందు రెండు వారాలు రోజూ తమ్ముడికి ఫోను చేశాడట. పాత పొలం తగాదా మనసులో పెట్టుకుని ఎత్తడం లేదనుకున్నాడట. అంత్యక్రియలకు వెళ్లినప్పుడు వదిన ఆ మాట మొహం మీదే అంది.

"అప్పుడు నువ్వొచ్చి చూశావు. నా ఫోను బాగానే ఉందన్నావు" అన్నాడు ఎమెట్. "నాకే మతి తప్పిందేమో, మోగినా వినబడలేదేమో అనుకున్నాను. చెవుల డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చాను."

ఆర్లిస్ క్షమించమని అడగబోయింది. ఆయన తలుపు మెల్లగా వేసుకున్నాడు.

ఆగస్టంతా ఆమె కంపెనీల గొలుసు పట్టుకుని లాగింది. మొదటి కంపెనీ రెండోదాని పేరు చెప్పడానికి తొమ్మిది రోజులు పట్టింది. రెండోది పక్క రాష్ట్రంలో ఉంది. మాకు ఫిర్యాదు అందలేదు, అందినా మీరు మా ఖాతాదారు కాదు అంది. రాష్ట్ర అధికారులకు రాస్తే, ఫోను చేసినవాళ్లు తమ కంపెనీ మీద ఫిర్యాదు చేయాలి, అందుకోవలసినవాళ్లు చేయడానికి లేదు అని జవాబొచ్చింది. రాని కాల్ గురించి అందనివాళ్లు ఎలా తెలుసుకుని ఎవరికి చెప్పాలో అందులో లేదు. మూడో కంపెనీలో చివరికి ఒక మనిషి తగిలాడు. పేరు చెప్పలేదు గానీ నిజం చెప్పాడు. మీలాంటి పల్లెలకు కాల్ చేర్చాలంటే అక్కడి సంఘానికి నిమిషానికి ఇంతని కట్టాలి, అది నగరాలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకని చవక దారి చూపించేవాడికి తోసేస్తాం, వాడు ఇంకొకడికి తోస్తాడు, ఒక్కోసారి తిరిగి తిరిగి మా దగ్గరికే వస్తుంది, అప్పుడు వదిలేస్తాం అన్నాడు.

"వదిలేస్తే అక్కడ ఏమవుతుందో ఎప్పుడైనా అనుకున్నారా?" అని ఆమె అడిగింది.

"లేదమ్మా. తెరమీద అది ఒక శాతం అంకె. అంతే కనబడుతుంది." తర్వాత నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. "మీ ఊళ్లో ఎంతమంది ఉంటారు?"

ఆమె చెప్పింది. అతను ఫోను పెట్టేశాడు.

నెల్డా పరిస్థితి దిగజారుతోంది. చేతిలో రక్తం తీసే నరం రెండుసార్లు మూసుకుపోయింది. సెప్టెంబరు మొదటివారంలో జ్వరమొచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ తొమ్మిది రోజులూ జాబితాలో ఆమె పేరు పక్కన పెట్టారు. చెల్లెలి మంచం పక్కన కూర్చున్నప్పుడల్లా ఆర్లిస్ కంపెనీల సంగతి చెప్పబోయేది. నెల్డా కళ్లు మూసుకునేది.

పని జరిగింది టెరెన్స్ వల్లే. ఆసుపత్రి నేలమాళిగలో లిఫ్టుల కోసం, అగ్నిప్రమాదపు గంటల కోసం పాతరకం టెలిఫోను లైన్లు కొన్ని ఉంచుకున్నారు. అవి ఇంటర్నెట్ మీద కాకుండా తిన్నగా పాత టెలిఫోను వ్యవస్థలోకే వెళ్తాయి. పైవాళ్లతో మూడు వారాలు వాదించి, కెస్లర్ క్రీక్ నంబర్లకు చేసే కాల్స్ అన్నీ ఆ లైన్ల మీదుగా పోయేలా మార్చాడు. ఇద్దరూ మళ్లీ నలభైసార్లు కొట్టి చూసుకున్నారు. నలభైకి నలభై వచ్చాయి. చివరి కాల్ ఎత్తాక ఆర్లిస్ హలో అనకుండానే కాగితం మీద నలభై అని రాసుకుంటూ ఉండిపోయింది. కాల్ పోయిందా అని టెరెన్స్ కంగారు పడ్డాడు.

ఆ కాగితం పట్టుకుని ఆమె నెల్డా ఇంటికి వెళ్లింది. వంటింట్లో రెండు పెట్టెలు సర్దిపెట్టి ఉన్నాయి. డెన్వర్‌లో ఆసుపత్రికి దగ్గరగా ఒక చర్చి వాళ్ల ఇంట్లో గది మాట్లాడుకున్నారు. అక్కడే డయాలసిస్, అక్కడే ఎదురుచూపు. పశువులను వదలలేక వర్జిల్ ఇక్కడే ఉంటాడు, పదిహేను రోజులకోసారి వెళ్లొస్తాడు.

ఆర్లిస్ కాగితం బల్ల మీద పరిచింది. నలభైకి నలభై అని వేలితో చూపించింది. ఇప్పుడు వెళ్లనక్కర్లేదంది.

నెల్డా కాగితం వైపు చూడలేదు. "నువ్వు అబద్ధం చెబుతున్నావనడం లేదు ఆర్లీ. ఏప్రిల్‌లో కూడా నువ్వు అబద్ధం చెప్పలేదు."

"అప్పుడు నాకు తెలియదు."

"అదే. ఇప్పుడు నీకు తెలియనిది ఏముందో నీకు తెలుసా?"

వర్జిల్ పెట్టె ఎత్తి బయటికి నడిచాడు. ఆర్లిస్ రెండోది అందుకోబోతే నెల్డా వద్దంది. కాస్త ఆగి, సరే పట్టుకో, బరువుంది అంది.

ఆ చలికాలం ఆర్లిస్ జీవితంలో అన్నిటికన్నా పొడవైనది. నగరంనుంచి నెల్డా చేసే కాల్స్ ఎక్కువగా చేరేవి కావు. ఆ చర్చి ఇంటి ఫోను కూడా ఇంటర్నెట్‌దే. అందుకని ఇటునుంచి వీళ్లే చేసేవారు. వర్జిల్ రోజూ ఆరింటికి, ఆర్లిస్ ఆదివారాలు. నెల్డా మంచు ఎంత పడిందో అడిగేది, ఆవులెలా ఉన్నాయో అడిగేది, అలిసిపోయానని పెట్టేసేది. ఊళ్లో ధాన్యం కొట్టు యజమాని విసిగిపోయి వ్యాపారాన్ని పక్క జిల్లాకు మార్చాడు. నలుగురు లైను తీయించేసుకున్నారు. ఆర్లిస్ వెళ్లి తీగ విప్పి, చుట్ట చుట్టి ట్రక్కులో వేసుకొచ్చేది. లైల్ ఆమెను రిటైరవమని మెల్లగా రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనబోయి, పని చేయనివ్వకపోతే ఈమె ఏమైపోతుందోనని భయమేసి ఊరుకున్నాడు.

మార్చిలో, బుధవారం పదకొండింటికి, బల్ల మీది ఫోను మోగింది. టెరెన్స్. మామూలుగా నెమ్మదిగా మాట్లాడే మనిషి ఊపిరి పీల్చకుండా చెప్పాడు. కిడ్నీ దొరికిందట, నెల్డాను లోపలికి తీసుకెళ్లారట. ఆమె చర్చి ఇంటి గది నుంచి వీళ్లిద్దరికీ చేసి చేసి, కలవక, ఆపరేషనుకు వెళ్తూ తన తరఫున చెప్పమని అతనికి కబురు పెట్టిందట. అతను నేలమాళిగలో పాత లైను దగ్గర నిలబడి మాట్లాడుతున్నాడు.

వర్జిల్ ఇంట్లో లేడు. దూడలు పుట్టే కాలం. ఆర్లిస్ పద్నాలుగు మైళ్లూ ట్రక్కు తోలుకుని వెళ్లి, కరుగుతున్న మంచులో చక్రాలు దిగబడితే దాన్ని వదిలేసి, రెండు దిబ్బలు నడిచి, ఒక ఆవు వెనక మోచేతుల దాకా నెత్తురుతో ఉన్న అతన్ని పట్టుకుంది. అతను విన్నాడు. దూడ బయటికొచ్చేదాకా లాగి, ముక్కు తుడిచి, అప్పుడు నేల మీద చతికిలబడి ఏడ్చాడు.

"ఆ చేతులు కడుక్కో ముందు. డెన్వర్‌లో లోపలికి రానివ్వరు" అంది ఆర్లిస్.

"నీ బూట్లు చూసుకున్నావా?" అన్నాడతను ముక్కు ఎగబీల్చుకుంటూ.

వాళ్లు వెళ్లేసరికి ఆపరేషను అయిపోయింది. మర్నాడు పొద్దున ఒక్కొక్కరినే చూడనిచ్చారు. వర్జిల్ తర్వాత ఆర్లిస్ వెళ్లింది. నెల్డా మొహం పసుపు వదిలి తెల్లగా ఉంది. మంచం పక్కన సంచిలో మూత్రం దిగుతోంది. మూడేళ్ల తర్వాత ఆ ఒంట్లోంచి వచ్చింది. ఇద్దరూ కాసేపు దాన్నే చూశారు.

"నిన్న నీకు ఐదుసార్లు చేశాను" అంది నెల్డా.

రాలేదని ఆర్లిస్ చెప్పింది.

"తెలుసు. రింగు వినబడుతూనే ఉంది. నువ్వు బల్ల దగ్గరే ఉంటావని తెలుసు, ఫోను మోగడం లేదని కూడా తెలుసు. అయినా ఆ చప్పుడు వింటుంటే, ఇది ఎందుకు ఎత్తదు అని నీ మీద కోపమొచ్చింది." ఆమె నవ్వబోతే కుట్లు లాగాయి. "బుద్ధి ఉండి కూడా కోపమొచ్చింది ఆర్లీ."

ఆర్లిస్ మంచం పట్టీ పట్టుకుని నిలబడింది. డాక్టర్లు నీళ్లు తాగమన్నారట, ఎన్ని కావాలంటే అన్ని. నెల్డా గ్లాసు అడిగింది. ఆర్లిస్ నింపి ఇచ్చింది. ఆమె సగం తాగి ఆగి, ఇంకా ఆపమని ఎవరైనా అంటారేమోనన్నట్టు నర్సు వైపు చూసి, మిగతాదీ తాగేసింది.